అనుమానము: ఒక మాట, రెండు దారులు

కథ వినుట మనుష్యునకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కథ నడుమ ఆగిపోయినచో "తరువాత ఏమైనది?" అని అడుగుట అంతకన్నను సహజము. చెప్పువాడు పెదవి విప్పకున్నచో, వినువాడే ఊహింప మొదలిడును. పొడుపుకథకు విడుపు వెదకు పసివాడును, అపరాధ పరిశోధక నవలలో హంతకుడెవ్వడో చివరి పుట చూడకయే కనిపెట్టవలెనని పట్టుపట్టు పెద్దవాడును చేయుచున్నది ఒకే పని. కొమ్మూరి సాంబశివరావుగారు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు, వీరి సాహసములను మీ తాతలు ఎంత ఆసక్తితో చదివిరో అడిగి తెలిసికొనుడు. నేడు ఆ నవలల స్థానమును చాలవఱకు టెలివిజను నాటకములును సినిమాలును ఆక్రమించినవి. ఊహించు అలవాటు మాత్రము మారలేదు.

"మా పిల్లలు సినిమా చూచి ఊరకుండక, దానిని గూర్చి గంటలకొలది వాదించుకొనుచున్నారు. ఇది కాలహరణము కాదా?" అని కొందఱు తల్లిదండ్రులు అడుగుచుందురు. కాలహరణమును కావచ్చును, చక్కని విద్యయును కావచ్చును. ఏది ఎప్పుడగునో తెలిసికొనుటకే ఈ వ్యాసము.

మొదట మన తెలుగువారు బాగుగ ఎఱిగిన ఉదాహరణమును తీసికొందము. 2015 జూలై 10వ తేదీన విడుదలయైన "బాహుబలి" మొదటి భాగము, కట్టప్ప తానే బాహుబలిని చంపితినని చెప్పుటతో ముగిసినది. రెండవ భాగము 2017 ఏప్రిల్ 28వ తేదీన గాని రాలేదు. ఈ నడుమ రమారమి ఇరువదిరెండు మాసములు, "కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపెను?" అను ప్రశ్న తెలుగునాటనే కాక దేశమంతట వినబడెను. కొందఱు కట్టప్ప ఆశకు లొంగెననిరి. కొందఱు బాహుబలి అసలు చావలేదనిరి. మఱికొందఱు రాజాజ్ఞయే కారణమనిరి. ఈ మూడును ఊహలే. కాని మూడును సమానమైన ఊహలా? కావు. వీనిలో ఏది మేలైనదో రెండవ భాగము చూడకయే నిర్ణయించుటకు ఒక మార్గము కలదు. ఆ మార్గము మన పూర్వులు శాస్త్రముగా నిలిపినదే.

మన ఇండ్లలో "అనుమానము" అనగా సందేహము, శంక అని అర్థము. మన అంగడిలో వినవచ్చు కన్నడమందును ఆ మాటకు అదియే అర్థము. కాని తర్కశాస్త్రమున అనుమానమనగా శంక కాదు. జ్ఞానమును పొందు ఒక సాధనము. కనబడుచున్న దానిని ఆధారముగా గొని, కనబడని దానిని నిశ్చయించుటయే అనుమానము. కొండమీద పొగ కనబడుచున్నది. నిప్పు కనబడుట లేదు. పొగ యున్నచోట నిప్పుండునని వంటయింట చూచియున్నాము. కావున కొండమీద నిప్పు కలదని చెప్పుచున్నాము. పొగ "హేతువు". పొగ యున్నచోటనెల్ల నిప్పుండునను నియమము "వ్యాప్తి". తెలుగువాడైన అన్నంభట్టు రచించిన "తర్కసంగ్రహము"తోనే నేటికిని సంస్కృత పాఠశాలలలో బాలురకు ఈ శాస్త్రమునందు ప్రవేశము కల్పింతురు.

ఇతరులకు ఒక విషయమును నిరూపింపవలసి వచ్చినప్పుడు నైయాయికులు ఐదు వాక్యములు చెప్పుదురు. అవి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము. కట్టప్ప విషయమును వీనిలో పెట్టి చూతము. కట్టప్ప ఆజ్ఞకు లోబడియే చంపియుండును, ఇది ప్రతిజ్ఞ. ఏలయన, అతడు సింహాసనమునకు మాట ఇచ్చిన వంశమువాడు, ఇది హేతువు. అట్టి మాటకు కట్టుబడినవాడు తన యిష్టమును విడిచి ఆజ్ఞనే పాటించును. మొదటి భాగముననే, కన్నడ నటుడు సుదీప్ ధరించిన అస్లాంఖాను పాత్ర కట్టప్పను దాస్యమునుండి విడిపింపగోరగా, అతడు తన పూర్వుల ప్రతిజ్ఞను చెప్పి స్వేచ్ఛనే నిరాకరించెను, ఇది ఉదాహరణము. బాహుబలి విషయమునను అతడు ఆ కట్టప్పయే; ఇది ఉపనయము. కావున ఆజ్ఞవలననే చంపియుండును, ఇది నిగమనము.

రెండవ భాగమున ఈ ఊహయే నిజమైనది. ఆజ్ఞాపించినది శివగామి; ఆమెను మోసగించినవారు బిజ్జలదేవుడును భల్లాలదేవుడును. ఇచ్చట ఒక సంగతి గమనింపుడు. ఆజ్ఞ యున్నదని మొదటి భాగమునుండి ఊహింపవచ్చును. ఆ మోసము ఏ రీతిగ జరిగినదో చెప్పుటకు అందు ఆధారము చాలదు. హేతువు ఎంతవఱకు నడిపించునో అంతవఱకే నడిచి, అచ్చట ఆగుట మంచి పరిశోధకుని లక్షణము.

ఇక లోకమునందు ఊహలకెల్ల పుట్టినిల్లు అనదగిన కథను చూతము. ఆర్థర్ కోనన్ డోయల్ అను బ్రిటిషు వైద్యుడు 1887లో షెర్లాక్ హోమ్సు అను అపరాధ పరిశోధకుని లోకమునకు పరిచయము చేసెను. కొన్ని సంవత్సరములకు ఆయనకు ఆ పాత్రపై విసుగు పుట్టి, 1893 డిసెంబరులో వెలువడిన కథలో హోమ్సును స్విట్జర్లాండు దేశములోని రైఖెన్‌బాఖ్ జలపాతమువద్ద ముగించెను. హోమ్సు మిత్రుడైన వాట్సను దొంగ ఉత్తరమువలన మోసపోయి కొంతసేపు దూరమగును. తిరిగి వచ్చి చూడగా మిత్రుని చేతికఱ్ఱయు, ఒక లేఖయు కనబడును. తడినేలమీద ఇద్దఱి అడుగుజాడలు జలపాతపు అంచువఱకు పోయినవి. తిరిగివచ్చిన జాడలు లేవు. హోమ్సును, అతని శత్రువైన మోరియార్టీయు పెనగులాడి ఇరువురును అగాధమున పడిరని వాట్సను నిశ్చయించెను.

పాఠకులు ఒప్పుకొనలేదు. చివరకు డోయల్ 1903లో హోమ్సును మరల బ్రతికింపవలసి వచ్చెను. పడినవాడు మోరియార్టీ ఒక్కడే. శత్రువు అనుచరులు తాను చచ్చితినని నమ్మవలెనని, హోమ్సు వెనుకకు నడువక ప్రక్కనున్న నిట్టనిలువు బండను ఎగబ్రాకి తప్పించుకొనెను. ఇందులో మనకు గొప్ప పాఠము కలదు. వాట్సను కన్నులు అబద్ధమాడలేదు. అడుగుజాడలు నిజము, తిరుగుజాడలు లేకపోవుటయు నిజము. వ్యాప్తి మాత్రము తప్పు. "తిరుగుజాడలు లేనిచోట మరణమే" అను నియమము లేదు; వేఱొక దారి యుండవచ్చును. చూచినది సత్యమైనను, దానినుండి తీసిన నిర్ణయము అసత్యము కావచ్చును. దీనినే మనవారు హేత్వాభాసమనిరి. అనగా హేతువువలె కనబడునదే గాని హేతువు కాదు.

ఈ హోమ్సునే నేటి లండను నగరమున నివసించువానిగా మార్చి, స్టీవెన్ మొఫట్, మార్క్ గేటిస్ అను రచయితలు 2010 నుండి బీబీసీ టెలివిజనులో "షెర్లాక్" అను నాటకమును నడిపిరి. 2012 జనవరి 15వ తేదీన ప్రసారమైన భాగమున హోమ్సు ఒక ఆసుపత్రి పైకప్పునుండి వాట్సను కన్నులయెదుటనే దూకును. వాట్సను పరుగెత్తి వచ్చి చేయిపట్టి చూడగా నాడి ఆడదు. సమాధికూడ కట్టుదురు. కాని చివరి దృశ్యమున, శ్మశానమునుండి వెడలిపోవు వాట్సనును దూరమునుండి చూచుచు హోమ్సు సజీవుడై నిలిచియుండును! ఎట్లు బ్రతికెను? సమాధానము రెండు సంవత్సరములవఱకు రాలేదు.

ఆ రెండేండ్లును ప్రేక్షకులు ఆ దృశ్యమును మాటిమాటికి చూచి, ఒక్కొక్క ఆధారమును ఏరిరి. దూకుటకు ముందు హోమ్సు వాట్సనును ఫోనులో "నీవు ఉన్నచోటనే ఉండుము" అని పట్టుబట్టి నిలిపెను, ఏల? వాట్సనునకును ఆసుపత్రికిని నడుమ ఒక చిన్న కట్టడము అడ్డముగ నున్నది. అందుచేత అతడు పడిన చోటు అతనికి కనబడలేదు. పరుగెత్తుచున్న వాట్సనును ఒక సైకిలువాడు డీకొని పడవేసెను. అది కాకతాళీయమా, కాలము జాప్యము చేయు ఉపాయమా? అంతకుముందు హోమ్సు ఒక చిన్న రబ్బరు బంతితో ఆడుచుండెను. దానిని చంకలో నొక్కినచో మణికట్టున నాడి ఆగును గదా! ఆసుపత్రిలో శవపరీక్షలు చేయు మోలీ అను యువతి సాయమును అతడు కోరియుండెను. గోడ ప్రక్కనే సంచులతో నిండిన లారీ యొకటి నిలిచియున్నది. అతడు దానిపై పడెనేమో!

2014 జనవరి 1వ తేదీన సమాధానము వచ్చెను. బంతి, సైకిలువాడు, అడ్డమైన కట్టడము, మోలీ సాయము, వీనిని గూర్చిన ఊహలు హోమ్సు చెప్పిన వివరణతో సరిపోయినవి. లారీ సంచులకు మాఱుగా గాలి నింపిన పెద్ద మెత్త వచ్చెను. ఇంకను వినోదకరమైన విషయము వేఱొకటి కలదు. రచయితలు ఆ నాటకముననే ఇట్టి ఊహలు చేయువారి సంఘము నొకదానిని సృష్టించి, వారి తప్పుడు ఊహలనుకూడ దృశ్యములుగా చూపిరి. అంతేకాక, హోమ్సు స్వయముగా చెప్పిన వివరణమును విన్న పాత్రయే దానిని నమ్మలేకపోయెను! ప్రేక్షకుడు ఒక ఊహను రెండేండ్లు పెంచుకొన్న పిదప, కర్తయే వచ్చి చెప్పినను ఒప్పుకొనుట కష్టమని దీనివలన తెలియుచున్నది.

ఈ కష్టము ఎంతవఱకు పోగలదో 2017 జనవరిలో బయటపడెను. ఆ నెలలో మూడు ఆదివారములు నాలుగవ వరుస భాగములు ప్రసారమై, 15వ తేదీతో ముగిసినవి. ముగింపు నచ్చని కొందఱు, అది నిజమైన ముగింపు కాదనియు, రహస్యముగ దాచిన నాలుగవ భాగము ఇంకొకటి కలదనియు ప్రచారము చేసిరి. మఱుసటి ఆదివారము, అనగా 22వ తేదీన, "ఆపిల్ ట్రీ యార్డ్" అను క్రొత్త నాటకము ప్రారంభము కానుండెను. అది మాఱుపేరు పెట్టుకొన్న ఆ నాలుగవ భాగమే యని నమ్మి వారు ఎదురుచూచిరి. ఆ రోజున వచ్చినది వేఱొక నవలనుండి తీసిన వేఱొక కథ. దాచిన భాగము ఎన్నడును లేదు.

తర్కశాస్త్రమున దీనికి "గగనారవిందము" అను ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. "ఆకాశపద్మము పరిమళించును, పద్మము గనుక" అని యొకడు వాదించెనట. పద్మములు పరిమళించుట నిజమే. కాని ఆకాశమున పద్మము ఎక్కడిది? లేని వస్తువునకు గుణములు కల్పించుట వ్యర్థము. రహస్య భాగమునకు సాక్ష్యమేమని అడిగినచో, "సాక్ష్యము లేకపోవుటయే రహస్యమునకు సాక్ష్యము" అనువారికి జవాబు చెప్పుట బ్రహ్మకును సాధ్యము కాదు. ఏమి కనబడినచో నా ఊహ తప్పని ఒప్పుకొందును? ఈ ప్రశ్నకు జవాబు లేని ఊహను ఊహ యనరాదు, దానిని పంతమనవలెను.

కథాసాక్ష్యమును గూర్చి మన ప్రాంతపువారు ప్రత్యేకముగ గ్రహింపవలసినది ఒకటి కలదు. 2018లోను 2022లోను వచ్చిన "కె.జి.ఎఫ్." చిత్రములకు మన పొరుగుననున్న బంగారు గనులే పేరు. మొదటి భాగమునకును రెండవ భాగమునకును నడుమ మూడేండ్లకు మించి దేశమంతయు ఊహలు చేసెను. కాని ఆ చిత్రములలోని నరాచి కల్పితము. నిజమైన గనులు 19వ శతాబ్దపు చివరి భాగమునుండి జాన్ టేలర్ కంపెనీ చేతిలో నుండి, 1956లో ప్రభుత్వపరమై, 2001 ఫిబ్రవరి 28న మూతబడినవి. భూమికి మూడు కిలోమీటర్లకు పైబడిన లోతున పనిచేసిన కార్మికుల చరిత్ర వేఱు, తెరమీది వీరుని కథ వేఱు. తెరమీది చిక్కునకు సాక్ష్యము తెరమీదనే వెదకవలెను. గనుల చరిత్రకు సాక్ష్యమును దస్త్రములలోను, అందు పనిచేసినవారి మాటలలోను వెదకవలెను. ఒకదాని సాక్ష్యమును రెండవదానికి చెల్లించుట తగదు. ఆ చిత్రమును చూచి "మీ ఊరిలో ఇట్లే జరిగెనట గదా" అని దూరపు బంధువులు అడిగినచో, వారికి నిజము చెప్పవలసిన బాధ్యత మనది.

కథకును జీవితమునకును గల ఈ భేదమే ఇప్పుడు చెప్పబోవు విషయమునకు ఆధారము. కథలో ప్రతి వస్తువును కర్త ఉద్దేశించి పెట్టును. రబ్బరు బంతి కనబడెనా, దానితో పని యుండవచ్చును. జీవితమున అట్లు కాదు. వీథిలో పడియున్న బంతి ఊరక పడియున్న బంతియే కావచ్చును. కథలో ఊహ తప్పినచో నవ్వుకొందుము. కట్టప్పకు నొప్పి లేదు. జీవితమున ఊహ తప్పినచో ఒక మనుష్యుడు నలిగిపోవును.

2013 ఏప్రిల్ 15న అమెరికాలోని బోస్టను నగరమున పరుగుపందెము జరుగుచుండగా బాంబులు పేలెను. వేలకొలది జనులు ఇంటర్నెట్టులో ఫొటోలు పోల్చుచు, తామే డిటెక్టివులమని భావించి, నేరస్థులను వెదకిరి. అప్పటికి ఒక మాసముగ కనబడకుండ పోయిన ఒక విద్యార్థి ముఖము అనుమానితుని ముఖమును పోలియున్నదని ప్రచారము చేసిరి. అతనికి ఆ నేరముతో ఏ సంబంధమును లేదు. కొన్ని దినములకు అతని శవము నదిలో దొరకెను. కుమారుని జాడ తెలియక ఏడ్చుచున్న ఆ తల్లిదండ్రులు, ఆ దినములలోనే అతనిపై మోపబడిన నిందను కూడ భరింపవలసివచ్చెను.

అంత దూరము పోనేల? 2018 జూలై 13న మన రాష్ట్రమందలి బీదరు జిల్లాలో, హైదరాబాదునుండి వచ్చిన కొందఱు మిత్రులు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చిరి. పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని అప్పటికే వాట్సాపులో వదంతులు వ్యాపించియుండెను. చాక్లెట్లు ఇచ్చినవారు ఆ ముఠావారే యని ఎవరో నిశ్చయించిరి. వారు కారులో వెడలిపోవుచుండగా, సందేశములు వారికన్న వేగముగా పోయెను. ముర్కి గ్రామమువద్ద గుంపు వారిని ఆపి కొట్టెను. ఒక యువ ఇంజనీరు ప్రాణములు కోల్పోయెను. వారెవ్వరును పిల్లల దొంగలు కారు. ఆ నెలలోనే వాట్సాపు సంస్థ, భారతదేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదుచోట్లకు మించి పంపుటకు వీలులేకుండ పరిమితి పెట్టుచున్నట్లు ప్రకటించెను.

ఆ గుంపుయొక్క తర్కమును పరీక్షింపుడు. "వీరు పిల్లల దొంగలు, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిరి గనుక." హేతువు నిజమే, ఇచ్చిరి. కాని పిల్లలకు తీపి యిచ్చువాడు దొంగయేనా? మేనమామ ఇచ్చును, పండుగకు వచ్చిన చుట్టము ఇచ్చును, మనసున్న బాటసారియు ఇచ్చును. సాధ్యమున్నచోటను, అది లేనిచోటను కూడ కనబడు ఇట్టి హేతువును నైయాయికులు "సవ్యభిచారము" అనిరి. పొగను చూచి నిప్పును ఊహింపవచ్చును గాని, నిప్పును చూచి పొగను ఊహింపరాదు. ఎఱ్ఱగ కాలిన ఇనుమున నిప్పే గాని పొగ యుండదు గదా! "తొట్రుపడెను గనుక దొంగ", "క్రొత్తవాడు గనుక చెడ్డవాడు", "మన భాష రాదు గనుక మోసగాడు", ఇవన్నియు ఆ జాతివే. శాస్త్రములోని అనుమానము చచ్చి, వీథిలోని అనుమానము పుట్టునది ఇచ్చటనే.

ఈ సంగతి మన నరసాపురమువారికి మఱింత ముఖ్యము. పారిశ్రామిక ప్రాంతము ఏర్పడిన తరువాత మన చుట్టుప్రక్కలకు పలు రాష్ట్రములనుండి పనివారు వచ్చుచున్నారు. వారి ముఖములు మనకు క్రొత్త, మన మాట వారికి క్రొత్త. ఇంట తెలుగును, అంగడిలో కన్నడమును, గనుల ఊరికి పోయినచో తమిళమును వినుచు పెరిగినవారము మనము. మూడు భాషలు వచ్చినవారికి మూడు భాషల వదంతులును చేరును. అందునను, ఫోనులో వచ్చిన కన్నడ సందేశమును చదివి, తెలుగు మాత్రమే చదువనేర్చిన అవ్వకు చెప్పువాడు తఱచుగ బడిపిల్లవాడే. ఆ ఇంటికి అతడే వార్తాపత్రిక. అతడు "ఇట్లు వ్రాసియున్నది, కాని ఇది నిజమని తెలియదు" అని ఒక్క మాట చేర్చినచో, ఆ వదంతి ఆ గడపవద్దనే ఆగిపోవును.

కావున విద్యార్థులారా! కథలను గూర్చి తప్పక ఊహింపుడు, స్నేహితులతో తప్పక వాదింపుడు. కాని ఒక నోటుపుస్తకము దగ్గఱనుంచుకొని, పుటను నిలువుగ రెండు భాగములు చేయుడు. ఎడమవైపున "చూచినది", కుడివైపున "ఊహించినది" అని శీర్షికలు పెట్టుడు. కుడివైపు వ్రాసిన ప్రతి పంక్తికిని ఎడమవైపున ఆధారమున్నదా? ఆ ఆధారమునకు వేఱొక అర్థము కుదరదా? ఏది కనబడినచో ఈ ఊహను విడిచెదను? ఈ మూడు ప్రశ్నలు వేసికొనుడు. కొన్ని దినములలో మీకే తెలియును, మనము చూచితిమని చెప్పు వానిలో ఎన్ని కుడివైపునకు చెందినవో! ఈ అలవాటు లెక్కలలోను, విజ్ఞానశాస్త్రములోను, చరిత్రలోను మీకు సాయపడును.

తల్లిదండ్రులకు నా మనవి యొకటే. పిల్లవాడు సినిమాను గూర్చి వాదించుచున్నప్పుడు "నోరు మూయుము" అనకుడు, "నీకెట్లు తెలిసినది?" అని అడుగుడు. కట్టప్ప విషయమున ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట అలవాటైనవాడు, రేపు పొరుగువాని విషయమునను, ఊరికి వచ్చిన అపరిచితుని విషయమునను తనకు తానే ఆ ప్రశ్న వేసికొనును. అట్టి పిల్లవాడు పెరిగి పెద్దవాడై గుంపులో నిలిచిన దినమున, చేయి ఎత్తుటకు ముందు ఒక్క క్షణము ఆగును. ఒక ప్రాణము నిలుచుటకు ఒక్కొక్కప్పుడు ఆ క్షణము చాలును.